బంగారు పైకప్పు

మోటారు పందెమనగానే మన పాఠకులకు స్ఫురించేది గ్రాండ్ ప్రీ. బ్రిటన్‌లో 1954 గుడ్ ఫ్రైడే నాడు లండన్ న్యూ క్రాస్ స్టేడియంలో ఆరంభమైన స్టాక్ కార్ పందేల తీరు వేరు. ఉక్కు బంపరుతో ముందున్న కారును ఢీకొని దారి చేసుకోవడం ఇక్కడ నియమవిరుద్ధం కాదు.

మమ్మల్ని మిక్కిలి ఆకర్షించినది కార్లను బారు తీర్చే పద్ధతి. కొత్తవారి కారు పైకప్పు తెలుపు. వారు ముందు నిలుస్తారు. గెలిచిన కొద్దీ పసుపు, నీలం, ఎరుపు రంగులు వస్తాయి, స్థానం వెనక్కు జరుగుతుంది. (మన పదోన్నతులు ఇలా ఉంటే ఎందరు కోరుకుంటారో!) ప్రపంచ విజేతకు బంగారు రంగు దక్కుతుంది. ఆ కారు అందరికీ కనిపిస్తుంది, అందరికీ గురి అవుతుంది.

లాంకషైర్‌లోని రిమింగ్టన్‌కు చెందిన జాన్ లండ్, 53వ నంబరు కారుతో, ఆ రంగును 8 పర్యాయాలు సాధించారు. ప్రపంచ ఫైనల్ ఏడాదికి ఒక్కటే. మొదటి మలుపులో వెనుకనుంచి తగిలే ఒక్క దెబ్బకు సంవత్సరమంతటి శ్రమ కంచెపాలు కావచ్చు. ఒకసారి గెలిస్తే అదృష్టమని సరిపెట్టుకోవచ్చు. ఎనిమిదింటికి ఆ మాట చెల్లదు. గెలిచిన ప్రతిసారీ, తరువాతి మామూలు పందేలలో ఆయన బంగారు పైకప్పుతో చివరి వరుసల నుంచే బయలుదేరవలసి వచ్చింది.