శతఘ్ని, టాంకు, క్షిపణి: ఏది మిన్న?

గణతంత్ర దినోత్సవం నాటి కవాతులో టాంకు కదలి వస్తే ప్రేక్షకులు కరతాళధ్వనులు చేస్తారు. క్షిపణి వాహనం కనిపిస్తే పిల్లలు లేచి నిలబడతారు. ట్రక్కు వెనుక తగిలించి లాగుకొనిపోయే ఫిరంగికి మాత్రం అంత గౌరవం దక్కదు. యుద్ధరంగం ఇచ్చిన తీర్పు వేరు. భారత సైన్యం ఇటీవలి అరవై సంవత్సరాలలో చూసిన సమరాలను పరిశీలిస్తే, ఏ ఆయుధం ఎక్కడ, ఎందుకు నెగ్గినదో కొంతవరకు తేటపడుతుంది.

టాంకుతోనే ప్రారంభిద్దాం. 1965 సెప్టెంబరులో పాకిస్తాన్ ఒకటవ సాయుధ డివిజన్ పంజాబులోని ఖేమ్‌కరణ్ మీదుగా చొచ్చుకువచ్చింది. దాని చేతిలో ఉన్నవి అమెరికా ఇచ్చిన పాటన్ టాంకులు. మనకు అక్కడ సాటి రాగల సెంచూరియన్లు ఒక్క రెజిమెంటుకు మాత్రమే ఉన్నాయి. తక్కిన వాటిలో రెండవ ప్రపంచయుద్ధం నాటి షెర్మన్లూ ఉన్నాయి. ఆ షెర్మన్లతో పోరాడిన దక్కన్ హార్స్ పూర్వం హైదరాబాదు నిజాము అశ్వదళంలో పుట్టినదే. మనవారు కాలువలకు గండికొట్టి పొలాలను ముంచివేశారు. నలభై అయిదు టన్నుల పాటన్లు అసల్ ఉత్తర్ వద్ద బురదలో దిగబడ్డాయి. చుట్టూ ఎత్తుగా పెరిగిన చెరకుతోటలు.

ఆ తోటల మాటునుండి వాటిని కొట్టిన ఆయుధాలలో ఒకటి జీపు మీద బిగించిన 106 మిల్లీమీటర్ల రికాయిల్‌లెస్ గన్. బరువు రెండు వందల కిలోలకు కాస్త ఎక్కువ. మామూలు ఫిరంగి గుండును ముందుకు తోసి, తాను వెనుకకు తన్నుతుంది. ఆ తన్నును భరించడానికే దానికి అంత బరువు, అంత ఉక్కు. ఈ గన్ను వెనుకభాగం రంధ్రాలతో తెరచి ఉంటుంది. మందు పేలగా పుట్టిన వాయువు వెనుకకు చిమ్ముతుంది. ఆ తోపూ ఈ తోపూ సరిపోయి గన్ను కదలదు. గుండు వేగం తక్కువైనా నష్టం లేదు. దానిలో గరాటు ఆకారపు లోహపు పొర ఉంటుంది. గుండు పేలగానే ఆ లోహం సన్నని ధారగా మారి కవచాన్ని తొలుచుకుపోతుంది.

చిక్కల్లా ఒక్కటే. వెనుక చిమ్మే మంట, దుమ్ము గన్ను ఉన్న చోటును శత్రువుకు పట్టి ఇస్తాయి. కాల్చిన మరుక్షణం చోటు మారాలి. నాలుగవ గ్రెనేడియర్స్‌కు చెందిన హవల్దారు అబ్దుల్ హమీద్ ఆ విధంగానే జీపును మార్చి మార్చి నిలిపి, పాటన్లను ఒక్కొక్కటిగా కూల్చాడు. సెప్టెంబరు 10న శత్రువు గుండుకు అసువులు బాశాడు. మరణానంతరం ఆయనకు పరమవీరచక్ర లభించింది. మన సైన్యం లెక్క ప్రకారం ఆ పోరులో పాకిస్తాన్ కోల్పోయిన టాంకులు 97.

1971 డిసెంబరులో రాజస్థాన్‌లోని లోంగేవాలా వద్ద కథ దాదాపు ఇదే. బురదకు మారుగా ఇసుక. రాత్రంతా టాంకులను నిలవరించినది ఒక పదాతి కంపెనీ. తెల్లవారగానే వచ్చి వాటిని వేటాడినవి హంటర్ విమానాలు. తనకు అనువుకాని నేలమీద, తోడుగా పదాతిదళం లేకుండా వచ్చిన టాంకు ఎంత ఖరీదైనదైనా నిస్సహాయమే.

ఇక కార్గిల్. 1999 మే నెలలో చొరబాటుదారులు పదహారు, పదిహేడు వేల అడుగుల శిఖరాలు ఆక్రమించి శ్రీనగర్-లేహ్ రహదారిని పైనుండి గురిపెట్టారు. ఆ కొండలలో టాంకుకు పనిలేదు. విమానాలకు అధీనరేఖ దాటరాదన్న ఆంక్ష. భారం ఫిరంగి దళం మీద పడింది. 1986లో స్వీడన్ నుండి కొన్న 410 బోఫోర్స్ ఫిరంగులు ఆ దళానికి వెన్నెముక అయ్యాయి. (మన భాషలో 'ఫిరంగి' అన్న మాటలోనే పరదేశి 'ఫరంగీ' దాగి ఉన్నాడు. స్వీడన్ ఫిరంగికి ఆ పేరు మరీ తగినది.) కొనుగోలు తెచ్చిన అపవాదు ఒక ప్రభుత్వాన్నే కుదిపివేసినా, వస్తువు మాత్రం మేలైనదే. ఆ సంగతిని నిరూపించడానికి యుద్ధం కావలసి వచ్చింది.

దాని గొప్ప ఏమిటి? మూతిని దాదాపు డెబ్బై డిగ్రీల వరకు ఎత్తగలదు. కనుక గుండు అడ్డుగా ఉన్న కొండ మీదుగా లేచి అవతలి వాలున పడగలదు. పావు నిమిషం గడవకముందే మూడు గుండ్లు వేయగలదు. పల్చని గాలిలో గుండు మైదానంలోకంటె దూరం పోతుంది. కనుక పాత లెక్కల పట్టికలను అక్కడికక్కడే సరిదిద్దుకోవలసి వచ్చింది. కొన్నిచోట్ల ఫిరంగులను కంటికి శిఖరం కనిపించేటంత ముందుకు తెచ్చి, రైఫిలు గురిపెట్టినట్లు నేరుగా బంకర్ల మీద కాల్చారు. ఆ యుద్ధంలో మన ఫిరంగి దళం ప్రయోగించిన గుండ్లు, రాకెట్లు, బాంబులు రెండున్నర లక్షలు. అయితే శత్రు ఫిరంగుల ఉనికిని పసికట్టే రాడార్లు పాకిస్తాన్‌కు ఉన్నాయి, మనకు లేవు. ఆ లోటు తీర్చే 'స్వాతి' రాడారు సైన్యానికి చేరడానికి చాలా సంవత్సరాలు పట్టింది.

ఫిరంగి బంకరును బద్దలుకొట్టగలదు గాని దానిని స్వాధీనం చేసికోలేదు. మనవారు దగ్గరకు చేరగానే గుండ్లు ఆపక తప్పదు. మిగిలిన దూరమంతా రైఫిలుది, గ్రెనేడుది. హైదరాబాదు వాసి మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న ప్రాణమర్పించినది అటువంటి చివరి గజాలలోనే. ఆయనకు మహావీరచక్ర ప్రకటించారు. ఆ యుద్ధంలో మనం పోగొట్టుకొన్న 527 మంది సైనికులను లెక్కలోకి తీసికోకుండా ఆయుధాల శక్తిని బేరీజు వేయడం సబబు కాదు.

క్షిపణి మాటేమిటి? హైదరాబాదులోని భారత్ డైనమిక్స్ తయారుచేసే మిలాన్ క్షిపణిని భుజానికెత్తుకొని పోవచ్చు. టాంకును కూల్చడానికి సాధారణంగా ఒక్కటి చాలు. కాని రెండు కిలోమీటర్ల దూరం చేరడానికి దానికి సుమారు పన్నెండు సెకండ్లు పడుతుంది. అంతసేపూ ప్రయోగించినవాడు గురి చెదరనీయకూడదు. 1973 అక్టోబరులో సినాయ్ ఎడారిలో ఈజిప్టు పదాతులు ఇటువంటి క్షిపణులతోనే ఇజ్రాయెల్ టాంకులను చెండాడారు. ఇజ్రాయెల్ వారు త్వరలోనే విరుగుడు కనిపెట్టారు. ఆ సెకండ్లలో ప్రయోగించినవాని చుట్టూ గుండ్ల వాన కురిపించడమే ఆ ఉపాయం. అంటే మళ్ళీ ఫిరంగే!

నేటి వింత ఆయుధం డ్రోన్. 2022లో మొదలైన ఉక్రెయిన్ యుద్ధంలో కొద్ది వందల డాలర్ల డ్రోన్లు కోట్ల విలువైన టాంకులను కాల్చివేయడం లోకమంతా చూసింది. అయినా అక్కడ ఉభయపక్షాలూ ఆత్రంగా వెదకుకొన్నది ఫిరంగి గుండ్ల కొరకే. డ్రోన్ కన్ను అయింది, ఫిరంగి చెయ్యి అయింది. 2025 మేలో పాకిస్తాన్ డ్రోన్లు మన సరిహద్దు దాటినప్పుడు వాటిని కూల్చిన వాటిలో ఎల్-70 విమానవిధ్వంసక ఫిరంగులు కూడా ఉన్నాయి. అదీ బోఫోర్స్ వారి సృష్టే. 1960ల నుండి మన కొలువులో ఉన్న ఆ ముసలి ఫిరంగికి కొత్త రాడారు, కెమెరా కళ్ళు అమర్చారంతే.

బోఫోర్స్‌తో పాటు వచ్చిన నమూనా పత్రాలు ఏళ్ళ తరబడి బీరువాలలో నిద్రించాయి. వాటి ఆధారంగా జబల్‌పూర్ కర్మాగారంలో రూపొందిన 'ధనుష్' ఫిరంగులు ఆరు 2019 ఏప్రిల్‌లో సైన్యానికి అందాయి.