కిరు... కత్తిరించాలా, తొడుక్కోవాలా?

జపాన్‌లో ఓ వృద్ధాశ్రమం. పొద్దున్నే స్నానం చేయించి, ఉతికిన చొక్కా చేతికిచ్చి, పెద్దాయనతో 'కితె కుదసాయ్' అనాలి. తొడుక్కోండి అని. నాలుక కాస్త తడబడి 'కిత్తె కుదసాయ్' అంటే మాత్రం ఆయన బిత్తరపోయి చూస్తాడు. ఎందుకంటే దానర్థం... కత్తిరించండి అని!

ఇది ఉచ్చారణలో దొర్లే తప్పులా కనిపిస్తుంది కానీ, అసలు చిక్కు వ్యాకరణంలో ఉంది. నిఘంటువులో చూస్తే తొడుక్కోవడమూ 'కిరు'నే, కత్తిరించడమూ 'కిరు'నే. కాకపోతే ఒకటి రెండో గుంపు క్రియ, ఇంకోటి ఒకటో గుంపు క్రియ. ఏది ఏ గుంపుదో తెలిస్తేనే దాన్ని ఎలా మార్చాలో తెలుస్తుంది.

ఇన్నాళ్ళూ ఇది భాషాప్రియుల సరదా. ఇప్పుడు ఉద్యోగాల సంగతి. వృద్ధుల సేవ, హోటళ్ళు, నిర్మాణం లాంటి రంగాల్లో విదేశీయుల కోసం జపాన్ 2019లో 'స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్' వీసా తెచ్చింది. 2021లో మనదేశంతో ఒప్పందం కుదిరింది. ఆ వీసా కావాలంటే జపనీస్ ప్రావీణ్య పరీక్షలో ఎన్4 గానీ, ఆ స్థాయికి సరిపడే మరో పరీక్ష గానీ గట్టెక్కాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సింగ్ చదివినవారికి జపనీస్ నేర్పించి పంపే ప్రయత్నాలు చేసింది. అలా పుస్తకం పట్టిన ప్రతివారికీ ఈ గుంపుల గొడవ తప్పదు.

మొదట్లో అంతా హాయిగానే ఉంటుంది. చాలా చోట్ల వాడే 'మిన్న నొ నిహోంగో' పాఠ్యపుస్తకంలో క్రియలన్నీ 'మస్'తోనే పరిచయమవుతాయి. తబెమస్ (తింటాను), నొమిమస్ (తాగుతాను), కకిమస్ (రాస్తాను). పైగా మనకున్నట్టు తాగుతాను, తాగుతావు, తాగుతాడు అన్న తేడాల్లేవు. ఎవరు తాగినా నొమిమస్సే! ఇంత సులువా అనుకుంటూ ఉండగా 14వ పాఠం వస్తుంది. అక్కడ క్రియలు మూడు గుంపులుగా విడిపోతాయి.

ఒకటో గుంపుని జపనీయులు 'గొదన్' అంటారు. అంటే అయిదు మెట్లు. తెలుగు బడిలో గుణింతం దిద్దినవారికి దీన్ని చెప్పడం చాలా తేలిక. 'రాయు' అనే అర్థంలో వచ్చే 'కకు'నే తీసుకోండి. కకనాయ్ అంటే రాయను. కకిమస్ అంటే రాస్తాను. కకెబ అంటే రాస్తే. కకో అంటే రాద్దాం. రెండో అక్షరం మీద వేలుపెట్టి చదవండి... క, కి, కు, కె, కో! 'నొము' (తాగు) అయితే మ, మి, ము, మె, మో. క్రియ చివరి అక్షరం గుణింతమంతా తిరిగొస్తుందన్నమాట. ఈ పోలిక వట్టి కాకతాళీయం కూడా కాదు. బౌద్ధంతోపాటు చైనా మీదుగా జపాన్ చేరిన సంస్కృత అక్షరవిద్య ప్రభావంతోనే అక్కడి అక్షరాల పట్టిక అ, ఇ, ఉ, ఎ, ఒ వరుసలో కుదురుకుంది. హల్లులు కూడా 'క'తో మొదలై చివర్లో య, ర, వలు వస్తాయి.

రెండో గుంపు బద్ధకస్తుల గుంపు. గుణింతం తిరగదు. చివరి 'రు' ఊడిపోతుంది, దాని స్థానంలో కావలసింది వచ్చి అతుక్కుంటుంది, అంతే. తబెరు, తబెనాయ్, తబెమస్, తబెతె. మూడో గుంపులో ముఖ్యమైనవి రెండే: సురు (చేయు), కురు (వచ్చు). ఇవి ఏ పద్ధతికీ లొంగవు. కురు, కిమస్, కొనాయ్ అంటూ మొదటి అక్షరాన్నే మార్చేసుకుంటుంది 'కురు'. మరీ విడ్డూరమని నవ్వుకునేముందు మన 'వచ్చు' సంగతి చూడాలి. వచ్చాడు, వస్తాడు, రాలేదు, రా! తెలుగు నేర్చుకునే జపనీయులకూ అక్కడే తల తిరగాలి.

గుంపుని పోల్చుకోవడానికి ఓ సూత్రం ఉంది. క్రియ చివర 'రు' లేకపోతే అది ఒకటో గుంపే. 'రు' ఉండి, దాని ముందు అ, ఉ, ఒ స్వరాలుంటే, సురు, కురులను మినహాయిస్తే, అదీ ఒకటో గుంపే. 'రు' ముందు ఇ గానీ ఎ గానీ ఉంటే రెండో గుంపు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ హషిరు (పరుగెత్తు), హైరు (లోపలికెళ్ళు), షిరు (తెలుసుకొను) లాంటివి రెండో గుంపు వేషం వేసుకున్న ఒకటో గుంపు క్రియలు. నిత్యం వాడేవి కావడంతో తప్పించుకోవడానికీ లేదు. 'కయెరు' మరీ మాయలాడి. తిరిగి వెళ్ళు అన్న అర్థంలో ఒకటో గుంపు, మార్చు అన్న అర్థంలో రెండో గుంపు. 'ఇరు' కూడా అంతే. కావాలి అంటే ఒకటో గుంపు, ఉండు అంటే రెండో గుంపు. రోగి 'ఇరనాయ్' అంటే ఆ మందు తనకు అక్కర్లేదని. 'ఇనాయ్' అంటే మనిషి అక్కడ లేరని. ఒక్క 'ర'తో అర్థమే మారిపోతుంది. అందుకే క్రియని ఒంటరిగా కాకుండా దాని 'నాయ్' రూపంతో జంటగా బట్టీపట్టడం మేలు. కిరు-కిరనాయ్ కత్తిరించడానికి, కిరు-కినాయ్ తొడుక్కోవడానికి.

అసలు పరీక్ష 'తె' రూపం దగ్గర. రెండో గుంపుకి 'తె' చేరిస్తే చాలు. ఒకటో గుంపులో 'కకు' కైతె అవుతుంది, 'నొము' నొందె అవుతుంది, 'మత్సు' (ఎదురుచూడు) మత్తె అవుతుంది. 'ఇకు' (వెళ్ళు) మాత్రం 'కకు' బాటలో నడవకుండా ఇత్తె అంటుంది. ఇవన్నీ గుర్తుండక కొందరు పాటగా కట్టుకుని పాడుకుంటారు. 'ను'తో ముగిసే క్రియ నేటి జపనీస్‌లో ఒక్కటే ఉంది: షిను. చనిపోవడం అని అర్థం. పాపం, దానికోసం కూడా ఓ సూత్రం!

ఈ చిక్కుముళ్ళను విప్పినవారిలో ముఖ్యుడు చూపులేని పండితుడు. పేరు మోతోరి హరునివ. ప్రసిద్ధ పండితుడు మోతోరి నొరినగ కొడుకు. ముప్పై దాటిన కొద్దికాలానికే కళ్ళు పోయాయి. ఇంట్లోవాళ్ళు రాతలో సాయపడగా పాత సాహిత్యంలోని క్రియలు ఎలా మారుతున్నాయో జల్లెడపట్టి వర్గాలుగా విడదీశాడు. ఆ పుస్తకం 1808లో వెలువడింది. పేరు 'కొతొబ నొ యచిమత'. మాటల ఎనిమిది దారుల కూడలి అని చెప్పుకోవచ్చు. అప్పట్లో ఒకటో గుంపువి నాలుగు మెట్లే. 1946లో రాత పద్ధతిని ఉచ్చారణకు దగ్గరగా మార్చినప్పుడు 'కకో'లోని ఓకారం కూడా లెక్కలోకొచ్చి అయిదయ్యాయి.

గుంపులు ఒంటబట్టాక తెలుగువారికి దారి సుగమం. క్రియ వాక్యం చివరే వస్తుంది. 'తె' రూపం అచ్చం మన 'తిని', 'కొని' లాంటిదే. 'తబెతె మిరు' అంటే మాటకు మాట తిని చూడు. 'కత్తె ఒకు' అంటే కొని పెట్టు. ఇంగ్లిష్ ద్వారా నేర్చుకునేవారికి పేజీలకు పేజీలు వివరించాల్సిన ఈ ప్రయోగాలు మనకు వంటింటి మాటలే.

కొత్త మాటలొస్తే? మనం కాపీ 'చేసినట్టే' వాళ్ళూ 'కొపీ సురు' అంటారు. కొన్ని మాత్రం నేరుగా ఒకటో గుంపులో చేరిపోయాయి. గూగుల్‌లో వెతకడం 'గుగురు', వెతికి అంటే 'గుగుత్తె'. ఫ్రెంచి 'సబొటాజ్' నుంచి వచ్చిన 'సబొరు' అయితే క్లాసు ఎగ్గొట్టడం. 14వ పాఠం రోజున ఎగ్గొట్టినవారు మర్నాడు చెప్పాల్సిన మాట 'సబొత్త'. దాన్ని సరిగ్గా చెప్పాలన్నా ఆ పాఠం వచ్చి ఉండాలి!