వేడి పారకు పేటెంటు ఇవ్వవచ్చునా?

నంద్యాల జిల్లాలోని బెలుం గుహలను మీలో కొందరైనా చూసే ఉంటారు. వాటి పొడవు 3,229 మీటర్లు. లోపల ఒకటే ఉక్క. అందుకే 2002లో తెరిచిన ఈ గుహల్లో, ముఖ్యమైన చోట్ల పైనుంచి గాలి వచ్చేలా నిలువు బిలాలు ఏర్పాటు చేశారు. ఎంతో ఉపకరించే పని! అయితే ఇది నూతన కల్పనా? కాదు. గనుల్లో గాలికోసం ఇలాంటి బిలాలు తవ్వడం ఏనాటినుంచో ఉన్నదే. ఉపయోగపడేదంతా నూతన కల్పన కాదు.

ఇప్పుడు చలిదేశాలకు వెళదాం. అక్కడ వాకిట్లో పడ్డ మంచును పారతో ఎత్తిపోస్తారు. మంచు పారకు అంటుకుని విసిగిస్తుంది. పార రేకును విద్యుత్తుతో వేడిచేసే ఉపాయానికి ఒకరు పేటెంటు అడిగారనుకోండి. న్యాయమూర్తి మీరే!

మూడు ప్రశ్నలు వేసుకోండి. ముందే తెలిసినదేమిటి? పార, హీటరు, వేడికి మంచు కరుగుతుందన్న సంగతి. కొత్తగా చేసినదేమిటి? వాటిని కలపడం. ఆ పనిలో నేర్పు గలవారికి ఇది సులువుగా తట్టేదేనా? తట్టేదే. ఇస్త్రీపెట్టెను ఎరిగినవారికి ఇదెంత! అలా తట్టేదానికి మన 1970 పేటెంట్ల చట్టం పేటెంటు ఇవ్వదు.

కాని తొందరపడకండి. ఒక గ్రాము మంచు కరగడానికి సుమారు 80 కేలరీల వేడి కావాలి. 5 కిలోలకు 4 లక్షల కేలరీలు, అంటే దాదాపు అర యూనిట్ కరెంటు! పైగా కరిగిన నీరు మళ్లీ గడ్డకట్టి రేకును పట్టుకోవచ్చు. ఎవరూ ఊహించని ఉపాయంతో, కొద్దిపాటి కరెంటుతో ఈ చిక్కులు తీర్చినవారుంటే తీర్పు మారవచ్చు. జవాబు చూశాక ప్రతి లెక్కా తేలికే. కనుక జవాబు తెలియనప్పటి స్థితిలో నిలబడి తూకం వేయాలి.

ఈ తూకం ఎందుకంటారా? పేటెంటు ఉన్న వస్తువును 20 ఏళ్లపాటు యజమాని అనుమతి లేకుండా ఇతరులు తయారుచేసి అమ్మరాదు. 1995లో, గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతికి అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన అమ్మమ్మలు ఎరిగిన వైద్యమది! భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి పాత గ్రంథాలను, 1953 నాటి వైద్య పత్రిక వ్యాసాన్ని సాక్ష్యంగా చూపింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది.

ఈసారి మీ బడిలో విజ్ఞాన ప్రదర్శన జరిగినప్పుడు, మీ నమూనానే ముందు నిలబెట్టి ఈ మూడు ప్రశ్నలూ అడగండి. నిజాయితీగా జవాబు చెప్పండి సుమా!