నిదానముగ చూడవలసిన ఊరు

ఆస్ట్రియా దేశమున, ఆల్ప్స్ పర్వతముల నడుమ, నిటారైన కొండకును సరస్సునకును మధ్య ఒదిగియున్న చిన్న గ్రామము హాల్‌స్టాట్. అచటి జనసంఖ్య 800కు లోపే. వేసవిలో కొన్ని దినములందు వచ్చు యాత్రికులో, 10,000 వరకు! వారిలో పెక్కురు బస్సు దిగి, ఫోటోలు తీసికొని, కొలది గంటలలో మరలిపోవుదురు.

స్థలాభావము ఆ గ్రామమునకు క్రొత్త గాదు. శ్మశానము మిక్కిలి చిన్నదగుటచే, పూర్వులు పాత సమాధులనుండి కపాలములను తీసి, పేరులు వ్రాసి, పూలు చిత్రించి, ఒక గృహమున భద్రపరచిరి. అట్టివి 600కు పైగా నేటికిని కలవు. చనిపోయినవారే సర్దుకొనిన చోట, బ్రదికియున్నవారికి వీధిలో నడుచుటకైనను తావు వలదా? 2020లో యాత్రికుల బస్సులు ముందుగా వేళ నిశ్చయించుకొని రావలెనని నియమ మేర్పడినది. అదియు చాలలేదు. 2023 ఆగస్టులో గ్రామస్థులు సొరంగ మార్గమునకు అడ్డముగ నిలిచి, దినమునకు ఇంతమందియే యను హద్దును కోరిరి. యాత్రికులే వలదని వారనలేదు.

మరి యెట్లు పోవలెను? 1890 వరకు ఆ యూరికి పడవయు, ఇరుకు కాలిబాటయు దక్క వేరు దారి లేదు. నేటికిని రైలు స్టేషను ఆవలి యొడ్డుననే యున్నది. దిగినవారు పడవలో సరస్సు దాటుదురు. ఆ మార్గమున పోయి ఒక రాత్రి నిలిచినచో, బస్సులు మరలిన పిదప నిశ్శబ్దమైన సరస్సును చూడవచ్చును. ఊరికి పైనున్న కొండలో 3,000 ఏండ్లకు పూర్వమే ఉప్పు త్రవ్విరి. 1846 మొదలు 1863 వరకు అచట దాదాపు వేయి ప్రాచీన సమాధులు బయల్పడినవి. ఐరోపా తొలి ఇనుప యుగమునకు ఈ గ్రామము పేరే నిలిచినది.

ఇవి రెండు గంటలలో అందునవి కావు. తొందర విడిచిన యాత్రికునకు ఊరు కనబడును. ఊరివారికి ఊరట కలుగును.