కొండ యెక్కుటకు తగిన కాలము, తగిన రాయి

"వేసవి సెలవులలో పిల్లలను కొండకు తీసికొనిపోరేమి?" అని కొందఱు తలిదండ్రులు మమ్ము నడుగుచున్నారు. మేము జనవరి, ఫిబ్రవరి మాసములనే యేల కోరుదుమో యిచట విన్నవించుచున్నాము.

వేలూరు కోటకు తూర్పుననున్న కొండలును, గుడియాత్తము చుట్టునున్న గుట్టలును చాలవఱకు గ్రానైటు, నైసు జాతి శిలలు. మన వాడుకలో అన్నియు నల్లరాళ్లే. ఈ రాతిపై నిలుచుట బలముచేత కాదు, అడుగునకును రాతిరవ్వలకును గల ఒరిపిడిచేత. రాయి పొడిగా, చల్లగా నున్నంతవఱకే ఆ ఒరిపిడి నమ్మదగినది. ఏప్రిల్, మే నెలలలో వేలూరి యెండ 40 డిగ్రీలు దాటును. బండ అంతకన్నను కాగును. చెమటపట్టిన చేయి జారును. సాయంకాలపు పిడుగులును ఆ నెలలలో కలవు. మెఱుపునకును ఉఱుమునకును నడుమ 30 సెకన్లు లేనిచో పిడుగు 10 కిలోమీటర్లలోపల నున్నట్లే. వెంటనే శిఖరము వదలి దిగవలెను. ఒంటిచెట్టు క్రింద చేరరాదు.

అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనము. వాన వెలసిన కొంతసేపటికే బండ ఆఱినట్లు కన్పించును గాని, పగుళ్లలోని నీరు దినములతరబడి ఊరుచుండును. నీరు పాఱినచోట నల్లని చారలుండును, అవి పాచి. ఎండిననాడు వట్టి మచ్చ, తడిసిననాడు సబ్బు. ఒకసారి మేమే వాన వెలసిన మఱునాడు మోసపోయి, నడికొండనుండి పిల్లల నొక్కొక్కరిని చేయిపట్టి దింపితిమి. అరగంట దారికి మూడు గంటలు పట్టెను. క్రింద కాచుకొనియున్న తల్లుల ముఖములను మేము మఱువలేదు.

ఇంగ్లండులోని కార్నువాల్ తీరమున గ్రానైటు చఱియలు కడలిలోనికి నిలువుగా దిగియుండును. అచట నెక్కువారు, వాన లేకున్నను, కెరటపు తుంపరలవలని ఉప్పుతేమ ఆఱుటకై యెండకు వేచియుందురు. మనకు సముద్రము లేదు గాని, చలికాలపు మంచు ఆ పనినే చేయును. కావున వేకువనే బయలుదేఱినను, బండపై అడుగిడుట మంచు ఆఱిన పిమ్మటనే. పదునొకండు గంటలలోపల దిగివచ్చుట.

ఉల్లిపొరలవలె పలకలుగా విడుట యీ శిలల గుణము. కఱ్ఱతో తట్టినచో గట్టిరాయి ఖంగుమనును, విడినపొర డొల్లగా మ్రోగును. డొల్ల మ్రోగినదానిపై చేయి వేయరాదని పిల్లలకు ముందుగా నేర్పుచున్నాము. పెరతేనెటీగలున్న చఱియ క్రింద పొగ, కేకలు, రాళ్లు రువ్వుట కూడవు.

అనుమతి పత్రముపై సంతకము చేయువారు పిల్లలకు రబ్బరు అడుగుగల బిగువైన బూట్లను, త్రాగునీటిని ఇచ్చి పంపగోరుచున్నాము. ముందునాడు చినుకు పడినను ప్రయాణము వాయిదా పడును.