పాట వెంట వచ్చిన కొసరు

గ్రామఫోను రికార్డును కొన్నవానికి పాటతోపాటు చేత పట్టుకొని చూచుకొనదగిన వస్తువొకటి లభించెడిది. పన్నెండంగుళముల అట్టపై చిత్రము, వెనుకవైపున వాద్యకారుల పేర్లు, ఒక్కొక్కప్పుడు పాటల సాహిత్యము అందుండెడివి. 1967లో బీటిల్సు బృందమువారు తమ ‘సార్జెంట్ పెప్పర్స్’ రికార్డు అట్టమీద పాటలన్నిటిని ముద్రించిన పిమ్మట ఈ ఆచారము పాశ్చాత్యదేశములయందు మరింత వ్యాపించెను. మన సినిమాహాళ్లయొద్ద స్వల్పమూల్యమునకు అమ్మెడి పాటల పుస్తకములును, కథను సగములో ఆపి తక్కినది వెండితెరపై చూచుకొమ్మని ఊరించుచు, ఈ పనినే వేరొక విధమున నెరవేర్చినవి.

2003 ఏప్రిల్ నెలలో ఆపిల్ సంస్థ ఐట్యూన్స్ అను అంతర్జాలపు అంగడిని తెరచి, ఒక్కొక్క పాటను 99 సెంట్లకు విడిగా అమ్మజొచ్చినప్పుడు, అట్టయు పోయెను, ఆల్బమునంతను కొనవలెనను నిర్బంధమును పోయెను. మొదటి నష్టము శ్రోతది, రెండవది కంపెనీలది. ఆల్బమును పూర్తిగా కొన్నవారికి మాత్రమే బొమ్మల చిన్నపుస్తకము, వీడియో, అదనపు పాట ఇయ్యబడునని ప్రకటించుటకు రెండవ నష్టమే ప్రధానకారణమని నా అభిప్రాయము. అందు ఔదార్యముకంటె వ్యాపారమే మిక్కుటము. ఐనను వ్యాపారమునుండి పుట్టిన వస్తువులన్నియు నీరసములు కానక్కరలేదు.

కంప్యూటరుపై చూచెడి ఇట్టి కొసరు, ఐట్యూన్స్‌కు పూర్వమే, సీడీల కాలముననే ఆరంభమైనది. పాటలతోపాటు వీడియోలను, బొమ్మలను కూడ సీడీలో చేర్చదలచినవారికి మొదట ఒక చిక్కు ఎదురయ్యెను: కంప్యూటరుకొరకు ఉద్దేశింపబడిన దత్తాంశమును మొదటి పాట స్థానమున ఉంచినచో, సామాన్యమైన ప్లేయరు దానిని సంగీతమని భ్రమించి, చెవులు చిల్లులు పడునట్టి రొదను వినిపించెడిది. 1995లో ఫిలిప్స్, సోనీ సంస్థలు ప్రకటించిన ‘బ్లూ బుక్’ ప్రమాణము దీనిని చక్కగా పరిష్కరించినది. సీడీని రెండు భాగములుగా విభజించి, మొదటి దానియందు పాటలను, రెండవ దానియందు దత్తాంశమును లిఖించిరి. పాటల ప్లేయరు మొదటి భాగముతో ఆగిపోవును. కంప్యూటరు రెండవ దానిని కూడ చదువును. వీనినే ఎన్‌హాన్స్‌డ్ సీడీలనిరి.

2009 సెప్టెంబరు 9వ తేదీన ఈ విషయమున రెండు సంఘటనలు ఒక్కనాడే జరిగినవి. బీటిల్సు ఆల్బములు నూతనముగా శుద్ధిచేయబడిన ధ్వనితో, అధికభాగము సీడీలయందు లఘుచిత్రమొకటి జతపరుపబడి వెలువడెను. ఆపిల్ సంస్థయో, ‘ఐట్యూన్స్ ఎల్‌పీ’ అను నూతనరూపమును ప్రకటించెను. వెబ్ పుటలను నిర్మించెడి సాధనములతోనే దీనిని కూర్చిరి. సాహిత్యము, ఛాయాచిత్రములు, వీడియోలు, రచనావిశేషములు అన్నియు ఒక్కచోట చేరి, గాయకుడు బాబ్ డిలాన్‌యొక్క ‘హైవే 61 రివిజిటెడ్’ వంటి ప్రాచీనమైన ఆల్బములకు సైతము నూతనదేహము కల్పింపబడెను. కాని జనులు పాటను జేబులో వేసికొని తిరుగ మొదలిడిన ఆ దినములలో, ఈ ఎల్‌పీ ఐఫోనుపై తెరచుకొనకపోయెను. తన ఫోనుపైననే పనిచేయని కొసరును ఆ సంస్థ ఏల ఇచ్చెనో అర్థము కాదు. 2018లో క్రొత్త ఎల్‌పీలను స్వీకరించుట మానుకొనెను.

నా దృష్టిలో ఈ చరిత్రయందలి ఉత్తమకృతి 2011లో ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ వెలువరించిన ‘బయోఫిలియా’. ఆల్బములోని పది పాటలకు పది యాప్‌లు, వానినన్నిటిని కలిపి పట్టియుంచు మాతృక యొకటి. ప్రవేశవాక్యములను పలికినవాడు ప్రకృతిచిత్రముల వ్యాఖ్యాత డేవిడ్ అటెన్‌బరో. వీనిలో ‘వైరస్’ అను పాట యాప్‌ను చూడుడు. తెరపై ఒక జీవకణమును సూక్ష్మక్రిములు ముట్టడించును. ఆడువాడు వానిని తరిమివేసి గెలిచెనా, పాట ముందునకు సాగదు. క్రిములను గెలువనిచ్చి తాను ఓడినచో పాట తుదివరకు వినబడును. ఇచ్చట చిత్రము పాటకు అలంకారము కాక, దాని అర్థముననే భాగమైనది. 2014లో న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ దీనిని తన సంగ్రహమున చేర్చుకొనెను. ఆ సంగ్రహమున చేరిన మొదటి యాప్ ఇదియే.

పాటకంటె కొసరు త్వరగా ముసలిదగుట ఇందలి విచారకరమైన విషయము. 1980లో ఏర్పడిన సీడీ ధ్వనిప్రమాణమును నేటి ప్లేయరును చదువగలదు. రెండవ భాగములోని దత్తాంశమో, ఏనాటి సాఫ్ట్‌వేరు కొరకు కూర్పబడినదో ఆనాటి దానినే కోరును. అట్టి వీడియోలను చూపెడి క్విక్‌టైమ్‌కు విండోస్‌పై ఆపిల్ 2016లో ఆదరణ విరమించినది. కదలెడి బొమ్మలను నడిపెడి ఫ్లాష్ 2020తో ముగిసినది. ఆల్బముతో వచ్చిన పీడీఎఫ్ చిన్నపుస్తకము మాత్రము, ఏ ఆడంబరమును లేక, ఏ ఫోనులోనైనను నేటికిని తెరచుకొనుచున్నది.

కొనుట పోయి నెలవారీ చందాతో వినుట వచ్చిన పిమ్మట కొసరు పలుచబడినది. స్పాటిఫైలో పాట వెనుక మూడు మొదలు ఎనిమిది సెకనులు సాగి మరల మొదలగు దృశ్యమొకటి కనబడును. తెలుగు సినిమాపాటలు యూట్యూబ్‌లో ‘లిరికల్’ వీడియోలుగా, పాటల పుస్తకము చేసిన పనిని కొంతవరకు చేయుచున్నవి. కాని వీనిలో ఏదియు శ్రోత సొత్తు కాదు.

ఇంట పాత ఎన్‌హాన్స్‌డ్ సీడీలున్నవారు, డిస్కు డ్రైవుగల కంప్యూటరు దొరకినప్పుడే రెండవ భాగమును హార్డ్‌డిస్కుపైకి ఎక్కించుకొనుట మేలు. అందలి వీడియోలు పెక్కు వీఎల్‌సీ వంటి ప్లేయరులో తెరచుకొనును. మ్యాక్రోమీడియా డైరెక్టరు అను పాత సాఫ్ట్‌వేరుతో కట్టిన కార్యక్రమములకు మాత్రము పాత విండోస్ నడచెడి యంత్రమును వెదకుకొనవలసియుండును.