కవాటం కాస్త లీకైతే...

స్టెతస్కోపులో ఏదో శబ్దం వినిపిస్తోందని డాక్టరు ఎకో తీయించమన్నారు మా పక్కింటావిడని. రిపోర్టులో 'మైల్డ్ మైట్రల్ రీగర్జిటేషన్' అని వచ్చింది. ఆ మర్నాటి నుంచీ ఆవిడ బిందె ఎత్తదు, మెట్లెక్కదు. అత్తగారేమో 'కోడలి గుండెకి చిల్లట' అని వీధంతా చెప్పేశారు!

చిల్లు వేరు, లీకు వేరు. గుండె ఎడమవైపు పైగదికీ కిందిగదికీ మధ్య తలుపులాంటిది మైట్రల్ కవాటం. అది సరిగ్గా మూసుకోకపోతే కొంచెం రక్తం వెనక్కి మళ్లుతుంది. అంతే. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ ఎకోలో కాస్త లీకు కనిపించడం మామూలే. స్వల్పమైన లీకుకి సాధారణంగా మందులూ, ఆపరేషనూ అక్కర్లేదు. ఇంటిపని, నడక మానక్కర్లేదు. 3 నుంచి 5 ఏళ్లకోసారి ఎకో చాలంటారు. గర్భం కూడా చాలామందికి ఇబ్బంది కాదు, కాకపోతే డాక్టరుకి ముందే చెప్పాలి.

డాక్టర్ని తప్పక అడగాల్సింది 'ఇదెందుకొచ్చింది?' అని. చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత కీళ్లవాపులతో రుమాటిక్ జ్వరం వచ్చి ఉంటే, దానివల్లా కవాటం దెబ్బతినొచ్చు. అలాంటివారికి సాధారణంగా 3 వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ రాస్తారు. 'బాగానే ఉన్నాగా' అనో, అత్తవారింట్లో తెలుస్తుందనో పెళ్లయ్యాక మానేస్తే జ్వరం తిరగబెట్టి లీకు పెరగొచ్చు. దాచాల్సినంత తప్పేముంది ఇందులో?

కొత్తగా ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం, కాళ్లవాపు కనిపిస్తే మాత్రం వెంటనే చూపించుకోవాలి.

పక్కింటావిడ మొన్న మళ్లీ డాబా మీద వడియాలు పెడుతూ కనిపించింది. అత్తగారు మాత్రం ఇంకా 'చిల్లు' అనే అంటున్నారు.